దేవుని చేతిపనులు: ఒంటరి కొవాటి



ఈ నెల మన శీర్షికలో సముద్రాలు దాటి వెళ్దాము. మనలో చాలామంది ఎన్నడూ చూడని ఒక అడవి జంతువును గూర్చి వ్రాస్తున్నాము. దాని పేరు కొవాటి. పేరు విని పిల్లలు కోతి అనుకుంటారేమో! ఇది కోతి కాదు. చెట్లెక్కుతుంది, పండ్లు తింటుంది, అల్లరి కూడా చేస్తుంది గాని కోతికీ దీనికీ చుట్టరికం లేదు. అమెరికా ఖండాలలో ఉండే రకూన్ అనే జంతువు కుటుంబానికి చెందినది ఇది.

దీన్ని ఎంచుకోవడానికి ఒక కారణమున్నది. ఈ జంతువు విషయంలో చదువుకున్న పెద్దలు చాలా కాలం ఒక పొరపాటు పడ్డారు. అటువంటి పొరపాటే మేమూ ఒకసారి చేశాము. ముందు కొవాటి సంగతి చెప్పి, ఆ తరువాత మా సంగతి చెబుతాము.

మూతి, తోక, కాళ్లు

కొవాటి మన పెంపుడు పిల్లికంటె కొంచెం పెద్దదిగా ఉంటుంది. బరువు సాధారణంగా 3 నుండి 6 కిలోలు. ఆడదానికంటె మగది పెద్దది. గోధుమ రంగు బొచ్చు, చిన్న గుండ్రని చెవులు. తోక ఇంచుమించు శరీరమంత పొడవు. దానిమీద ముదురు రంగు పట్టెలు వరుసగా ఉంటాయి. నేలమీద నడిచేటప్పుడు తోకను జెండా కర్రలా నిటారుగా పైకెత్తి నడుస్తుంది. ఎత్తైన గడ్డిలో గుంపు పోతూ ఉంటే జంతువులు కనబడవు, తోకలు మాత్రమే కదులుతూ కనబడతాయి.

అన్నిటికంటె వింతైనది దాని మూతి. పందికున్నట్లు పొడవైన ముట్టె ఉంటుంది గాని, పంది ముట్టెకంటె సన్ననిది. దాన్ని ఎటు కావాలంటే అటు వంచగలదు. రాలిన ఆకుల కిందికి, పుచ్చిన దుంగల సందుల్లోకి, రాళ్ల మధ్యకు ఆ మూతిని దూర్చి వాసన పట్టి, ముందుకాళ్ల పొడవైన గోళ్లతో గబగబా తవ్వి పురుగులను బయటికి లాగుతుంది. పెంకుపురుగుల పిల్లలు, సాలెపురుగులు, రోకలిబండలు, తేళ్లు, పీతలు, చిన్న బల్లులు అన్నీ దానికి ఆహారమే. ఒంటినిండా నూగు ఉండే టరాంటులా అనే పెద్ద సాలెపురుగు దొరికితే వెంటనే నోట పెట్టుకోదు. ముందరి పాదాల కింద వేసి నేలమీద దొర్లించి దొర్లించి, గుచ్చుకొనే ఆ నూగు పోయిన తరువాతనే తింటుంది. పండ్ల కాలంలో పండ్లే దాని ప్రధానాహారం. మేడి జాతి పండ్లన్నా, మన అడవి మామిడికి దగ్గరి చుట్టమైన ఒక చెట్టు పండ్లన్నా దానికి ప్రాణం. తిన్న పండ్ల గింజలు దాని కడుపులో ప్రయాణం చేసి ఎక్కడో పడి మొలుస్తాయి. ఆ విధంగా అడవికి విత్తనాలు చల్లే పని కూడా చేస్తుంది.

వెనుక కాళ్ల మడమలను వెనక్కి తిప్పగలదు గనుక చెట్టు దిగేటప్పుడు మన ఉడుతవలె తలకిందులుగా, ముఖం నేలవైపు పెట్టి దిగుతుంది. రాత్రి నిద్ర చెట్లమీదనే. దాని బంధువులైన రకూన్‌లు, కింకజూలు రాత్రివేళ తిరుగుతాయి. కొవాటి మాత్రం ఎక్కువగా పగటి జంతువు.

కొవాటిలలో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. తెల్లమూతి కొవాటి అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని అరిజోనా, న్యూ మెక్సికోల నుండి మెక్సికో, మధ్య అమెరికాల మీదుగా కొలంబియా అంచుల వరకు ఉన్నది. రెండవది దక్షిణ అమెరికా కొవాటి. అది కొలంబియా, వెనిజులాల నుండి ఉరుగ్వే, ఉత్తర అర్జెంటీనా వరకు వ్యాపించింది. ఇవిగాక ఆండీస్ పర్వతాల మంచు అడవులలో చిన్న కొవాటిలు ఉన్నాయి. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1766లో కొవాటికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు దాన్ని పునుగుపిల్లుల పద్దులో వ్రాశాడు. ఆ మహాపండితుడు కూడా మొదట దీన్ని సరియైన ఇంట్లో చేర్చలేకపోయాడన్నమాట.

అమ్మల గుంపు

కొవాటి కుటుంబం చూడముచ్చటైనది. తల్లులు, అక్కచెల్లెళ్లు, పిన్నులు, వారి పిల్లలు కలిసి ఒక గుంపు. ఐదారు మొదలుకొని కొన్నిచోట్ల ముప్పై వరకు ఉంటాయి. గుంపులో ఎక్కువ భాగం రక్తసంబంధులే. పగలంతా కలిసి మేస్తాయి. ఒకదానికొకటి దూరం కాకుండా సన్నగా కూస్తూ ఉంటాయి. ఎండవేళ నీడలో పడుకొని ఒకదాని బొచ్చును మరొకటి దువ్వి పిడుదులను ఏరుతుంది. కొన్ని తల్లులు మేతకు పోతే మిగిలినవి పిల్లలను కనిపెట్టుకొని ఉంటాయి. ప్రమాదం కనబడితే ఒకటి మొరుగుతుంది. వెంటనే అన్నీ చెట్లెక్కుతాయి. లేదా ఎక్కినవి కిందికి దూకి పొదల్లోకి పరుగెత్తుతాయి. జాగ్వార్, ప్యూమా, ఒసెలాట్ అనే అడవి పిల్లి, బోవా పాములు, పెద్ద గద్దలు దానికి శత్రువులు.

పనామా దేశంలో గమనించిన మరొక సంగతి. అక్కడి ఒక చెట్టు బెరడునుండి కారే జిగురుకు కర్పూరంలాంటి ఘాటైన వాసన ఉంటుంది. కొవాటిలు ఆ జిగురును గీకి తమ ఒంటికీ, పక్కవాటి ఒంటికీ బాగా రుద్దుకుంటాయి. పేలు, పిడుదులు, దోమలు పోవడానికి ఇది మందుగా పనిచేస్తుందేమోనని శాస్త్రజ్ఞులు భావించారు. అదే చోట టేపిర్ అనే పెద్ద జంతువు పడుకొని ఉంటే కొవాటిలు దగ్గరికి పోయి దాని ఒంటిమీది పిడుదులను ఏరుకొని తిన్నాయి. ఒకదానికి ఆహారం, మరొకదానికి ఉపశమనం.

వేరే జంతువనుకున్నారు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. అదే అడవులలో ఒంటరిగా తిరిగే కొవాటిలు కూడా కనబడేవి. అవి గుంపులోని వాటికంటె పెద్దవి. ఎవరితోనూ కలవవు. చాలామంది వేటగాళ్లు, ప్రయాణికులు వీటిని వేరే జంతువు అనుకున్నారు. మధ్య అమెరికాలో కొవాటిని పిసోతే అంటారు. గుంపులో తిరిగేది మందల పిసోతే, ఒంటరిది పిసోతే సోలో అని రెండు పేర్లు వాడేవారు. కొవాటిముండి అని ఇంగ్లీషు పుస్తకాలలో కనబడే పేరు కూడా బ్రెజిల్ ఆదివాసుల భాషలో ఒంటరి కొవాటిని ఉద్దేశించినదే. 19వ శతాబ్దంలో కొందరు శాస్త్రజ్ఞులు కూడా ఇదే దారిని పోయి, సంఘజీవి ఒక జాతి, ఏకాకి ఒక జాతి అని రెండు లాటిన్ పేర్లు పెట్టారు. గుంపులోనిది మంచిది, ఒంటరిది పొగరుమోతు అన్న అభిప్రాయం కూడా ప్రజలలో ఏర్పడింది.

నిజమేమిటంటే రెండూ ఒకే జంతువు. ఆ ఒంటరిది మగది. అంతే!

దీన్ని ఓపికగా పరిశీలించిన చోటు పనామాలోని బారో కొలరాడో ద్వీపం. పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు లోయలన్నీ నీట మునిగి గాటున్ సరస్సు ఏర్పడింది. ఒక కొండ పైభాగం మాత్రం మునగక ద్వీపంగా మిగిలింది. వైశాల్యం సుమారు 15 చదరపు కిలోమీటర్లు. 1923లో దాన్ని రక్షిత అడవిగా ప్రకటించారు. 1946 నుండి స్మిత్సోనియన్ సంస్థ ఆధీనంలో ఉన్నది. జాన్ కాఫ్‌మన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1950ల చివరి సంవత్సరాలలో ఆ అడవిలో కొవాటిల వెంట నడిచాడు. అవి తనకు అలవాటు పడేవరకు నడిచాడు. ఏది ఏదో ఒక్కొక్కటిగా గుర్తుపట్టి, అవి ఎక్కడ మేస్తాయి, ఎవరితో పడుకుంటాయి, ఎవరిని తరుముతాయి అన్నీ వ్రాసుకున్నాడు. ఆ గ్రంథం 1962లో వెలువడింది. ఒక్కసారి తుపాకి గురిపెట్టి చూసినవారికి రెండు జాతులు కనబడ్డాయి. వెంట నడిచినవానికి ఒకే కుటుంబం కనబడింది.

మగది ఎందుకు ఒంటరిదయింది?

మగ పిల్ల కూడా తల్లి గుంపులోనే పుట్టి పెరుగుతుంది. దానికి కూడా పిన్నులు పేలు చూస్తారు. రెండేళ్లు నిండే సమయానికి గుంపులోని ఆడవి దాన్ని దగ్గరకు రానివ్వవు. క్రమంగా అది అంచులకు జరిగి, చివరికి వెళ్లిపోతుంది. అప్పటినుండి తన మేత తనదే, తన చెట్టు తనదే. అపాయం వస్తే హెచ్చరించే గొంతు లేదు. వీపుమీది పిడుదును తీసే చెయ్యి లేదు.

ఆడవి ఇంత కఠినంగా ఉండడానికి కారణం లేకపోలేదు. పెద్ద మగవి చిన్నపిల్లలను చంపిన సందర్భాలున్నాయి. ఒంటరి ఆడది మగదానికి ఎదురు నిలువలేదు గాని, నలుగురు కలిస్తే తరిమి కొట్టగలవు. గుంపు కట్టడంలో ఉన్న మేలు అదే. పనామాలో ఏటా ఎండాకాలం మొదట్లో, ఇంచుమించు జనవరి, ఫిబ్రవరి నెలలలో మాత్రం ఒక మగదాన్ని దగ్గరకు రానిస్తాయి. అది దర్పంగా వస్తే కుదరదు. తలవంచుకొని, ఆడవాటి బొచ్చు దువ్వుతూ, అడుగడుగునా వినయం చూపుతూ రావాలి. కొన్ని వారాలకు జతకట్టే కాలం ముగుస్తుంది. మళ్లీ తరిమేస్తాయి.

తరువాత సుమారు పది పదకొండు వారాలు గర్భం. ప్రసవ సమయం దగ్గరపడగానే తల్లి కూడా గుంపును విడిచి, ఎత్తైన చెట్టుమీద పుల్లలు, ఆకులతో గూడు కట్టి, ఒంటరిగా ఈనుతుంది. తరచుగా మూడు నుండి ఐదు పిల్లలు. పుట్టినప్పుడు కళ్లు తెరవవు. ఆ నెలరోజులు తల్లికి కష్టకాలం. గూటిలో పిల్లలను వదలి మేతకు దిగకపోతే పాలు ఉండవు. దిగితే గూటికి కాపలా ఉండదు. కోస్టారికా అడవులలో తెల్లముఖపు కాపుచిన్ కోతులు ఈ గూళ్లపై పడి పిల్లలను ఎత్తుకుపోయి తినడం పరిశీలకులు కళ్లారా చూశారు. తల్లి ఎంత పోరాడినా కొన్నిసార్లు దక్కవు. మిగిలిన పిల్లలతో ఐదారు వారాలకు నేలకు దిగి గుంపును చేరుకుంటుంది. అప్పుడు ఆ గుంపంతా పిల్లలను వాసన చూసి చేర్చుకుంటుంది.

గమనించండి. ఒంటరితనం మగదానికి మాత్రమే కాదు. తల్లికి కూడా ఒక కాలం ఉన్నది. ఆ నెలలో ఆమెను చూసినవారు ఈమె గుంపుకు పనికిరానిదని అనుకోవచ్చు. ఆమె గూటిలో ఏమున్నదో వారికి తెలియదు.

కరువూ, కరుణా

కొవాటి జీవితం ఎల్లప్పుడూ పండ్ల పండుగ కాదు. ఆ ద్వీపంలోనే 1970లో ఎండాకాలం సరిగా ఎండక వానలు పడ్డాయి. ఎండ తరువాత వచ్చే తొలకరికి పూయవలసిన చెట్లు చాలావరకు సరిగా పూయలేదు. ఆ సంవత్సరం చివరి నెలలలో అడవిలో పండ్లు లేక జంతువులు ఎముకల గూళ్లయ్యాయి. చచ్చిన జంతువులు దారుల పక్కన కనబడ్డాయి. ఆకాశమునుండి పడే వాన కూడా తగిన కాలంలో పడితేనే ఆశీర్వాదమని రైతు కుటుంబాలవారికి మేము చెప్పనక్కరలేదు. సమస్త జీవులు సమయానికి ఆహారం కోసం దేవునివైపు చూస్తున్నవని 104వ కీర్తనలో చదువుకుంటాము గదా!

మరొక అపాయం మన దయవల్లనే వస్తుంది. అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల సరిహద్దులో ఇగువాసు జలపాతాలున్నాయి. అక్కడికి వచ్చే యాత్రికులు కొవాటిలకు రొట్టెలు, చిప్స్ పెట్టి అలవాటు చేశారు. ఇప్పుడు అవి బల్లలెక్కి సంచులు లాక్కుంటున్నాయి. అడ్డుకున్నవారిని కరుస్తున్నాయి, రక్కుతున్నాయి. తిండి పెట్టవద్దని గాయపడిన చేతుల బొమ్మలతో బోర్డులు పెట్టవలసి వచ్చింది. మన ఘాట్ రోడ్ల పక్కన కోతులకు బిస్కట్లు విసిరేవారికి ఈ కథ కొత్త కాదు. ముద్దుగా ఉన్నాయని ఐరోపా దేశాలకు తీసుకుపోయి పెంచుకున్నవారు కూడా ఉన్నారు. పెరిగాక అదుపు చేయలేక వదిలేస్తే అక్కడి పక్షులకూ చిన్న జంతువులకూ ముప్పు. అందుచేత 2016లో ఐరోపా సమాఖ్య దక్షిణ అమెరికా కొవాటిని హానిచేసే పరదేశపు జీవుల జాబితాలో చేర్చింది. తప్పు కొవాటిది కాదు. దాని స్వభావం తెలుసుకోకుండా చేసిన ప్రేమది.

చివరి బల్ల

ఇక మా సంగతి.

కొన్నేళ్ల క్రితం మేము ఆరాధించే సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు. ప్రతి ఆదివారం తలుపు దగ్గర చివరి బల్లమీద కూర్చునేవారు. కానుకల పాట మొదలవగానే లేచి వెళ్లిపోయేవారు. దీవెన వరకు ఒక్కనాడూ ఉండలేదు. ప్రేమవిందుకు పిలిస్తే రారు. క్రిస్మస్ క్యారల్స్‌కు వెళితే తలుపు కొంచెం తెరచి, కానుక చేతిలో పెట్టి, వందనాలు చెప్పి మూసేసేవారు. మేము మూడవ సంవత్సరం ఆ ఇంటిని క్యారల్స్ జాబితానుండి తీసివేశాము. ఆ నిర్ణయం చేసిన కమిటీలో మేమూ ఉన్నాము. "ఆయనకు మనుషులు గిట్టరు" అన్న మాట కూడా అన్నాము. పిల్లల ఎదుటనే అన్నాము.

ఆయన భార్య ఆరేళ్లుగా మంచంమీద ఉన్నదని మాకు ఆమె భూస్థాపన రోజున తెలిసింది. పక్కింటి అమ్మాయి పనికి పోయేలోపు గంటసేపు కూర్చుంటానంటే, ఆ గంట ఆయన ఆరాధనకు వచ్చేవారు. ఆ గంట కానుకల పాట దగ్గర ముగిసేది. రాత్రివేళ మా డప్పుల శబ్దానికి ఆమె బెదరిపోయేది గనుక తలుపు మూసేవారు. ఆ ఇల్లు మా మందిరానికి నాలుగు వీధుల దూరం. ఆరేళ్లలో ఆ నాలుగు వీధులు మేము నడవలేదు.

"ముందే చెప్పవలసింది గదండీ" అని మాలో ఒకరు అన్నారు. ఆయన నెమ్మదిగా, "ఎవరూ అడగలేదు బాబూ" అన్నారు. నింద లేదు ఆ మాటలో. అందుకే మరింత బరువుగా ఉండిపోయింది.

కొవాటిని చూసి సంఘం ఇలా ఉండాలని మేము చెప్పబోవడం లేదు. కొవాటి తల్లులు మగవాటిని తరిమినట్లు మనం ఎవరినీ తరమకూడదు. అవి తమ పిల్లల కోసం తమకు తెలిసినట్లు చేస్తాయి. మనకు ప్రభువు వేరొక మాదిరి చూపించాడు. మేము నేర్చుకున్నది కొవాటినుండి కాదు, కొవాటిని చూసిన మనుషులనుండి. దూరంనుండి చూసినవారు ఒంటరిదానికి వేరే జాతి అని పేరు పెట్టి ఊరుకున్నారు. మేము కూడా ఒక మనిషికి పేరు పెట్టి ఊరుకున్నాము. పైకి కనబడేదాన్నిబట్టి తీర్పు తీర్చవద్దని ప్రభువు యోహాను సువార్త 7వ అధ్యాయంలో హెచ్చరించినది మేము ఎన్నోసార్లు చదివి ఉన్నాము. చదవడం వేరు, నాలుగు వీధులు నడవడం వేరు.

ఆయన ఇప్పుడు ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. చివరి రెండేళ్లు మాత్రం దీవెన వరకు కూర్చునేవారు. బల్ల మార్చమంటే మార్చలేదు. మాలో ఒకరిద్దరం వెళ్లి ఆయన బల్లమీదనే కూర్చునేవాళ్లం.

మీ సంఘంలో చివరి బల్లమీద ఎవరున్నారు? ముందుగా లేచి వెళ్లేవారు ఎవరు? వచ్చే ఆదివారంలోపు వారి ఇంటివరకు ఒకసారి నడిచి వెళ్లండి. ఏమీ తీసుకుపోనక్కరలేదు. బాగున్నారా అని అడగండి చాలు. జవాబు వినేంత సేపు కూర్చోండి.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు

1. గుంపులో ఉండడంవల్ల కొవాటి తల్లులకు కలిగే మేలు ఏమిటి? మన కుటుంబంలో ఒకరికొకరం అటువంటి మేలు ఏయే పనులలో చేస్తున్నాము?

2. ఒంటరి కొవాటిని వేరే జాతి అని ఎందుకు అనుకున్నారు? నిజం ఎలా తెలిసింది?

3. మన వీధిలో, మన బడిలో, మన సంఘంలో ఎవరికైనా మనం పేరు పెట్టి ఊరుకున్నామా? ఈ వారం వారికోసం ఏమి చేద్దాము?

4. 104వ కీర్తన అంతా ఒకరి తరువాత ఒకరు చదవండి. అందులో ఎన్ని ప్రాణుల పేర్లున్నాయో చిన్నపిల్లలను లెక్కపెట్టమనండి.